రోడ్డు పక్కన కూర్చుని ర్యాలీ చూడటం ఎలా?

కర్నూలులో తుంగభద్ర వంతెన దాటి దక్షిణంగా సాగిపోయే పెద్ద రోడ్డును మీలో చాలామంది చూసే ఉంటారు. అది 44వ నంబరు జాతీయ రహదారి. మీ తాతగారిని అడిగితే మాత్రం 'ఏడో నంబరు రోడ్డు' అంటారు. 2010లో దేశమంతటా నంబర్లు మార్చేదాకా దాని నంబరు 7. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే ఈ రోడ్డు మన జాతీయ రహదారులన్నిటిలోకీ పొడవైనది. కర్నూలు దాటాక వెల్దుర్తి, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా బెంగళూరు వైపు వెళ్తుంది.

ఈ రోడ్డు మీద అప్పుడప్పుడు ఒక వింత మోటారు సైకిలు కనిపిస్తుంది. వెనక రెండువైపులా సంచులు, ముందు హ్యాండిలు మీద దారి చూపే ఫోను, దుమ్ము కొట్టుకుపోయిన మందపాటి కోటు. ఎక్కడో ఉత్తరాది నంబరు పలక. కాశ్మీరు నుంచి కన్యాకుమారికి ఒకే ఊపులో పోవాలని బయలుదేరినవాళ్లకు ఇదే రాజమార్గం. బండి 'జుయ్'మని వస్తుంది, వెళ్లిపోతుంది. మీరు చూసింది మహా అయితే పది సెకండ్లు.

“ఇందులో చూడటానికి ఏముంది?” అంటారా? క్రికెట్టు మ్యాచి అయితే ఆట అంతా కళ్లముందే జరుగుతుంది. ఇక్కడ ఆటస్థలం పొడవు వేల కిలోమీటర్లు, మనకు దక్కేది ఒక్క చోటు. నిజమే. కాని ఒక గడియారం, ఒక నోటుపుస్తకం, ఒక రోడ్డు పటం ఉంటే మిగతా ఆటంతా మీరు కూర్చున్నచోటు నుంచే చూడవచ్చు. ఆ చూపు కళ్లతో కాదు, లెక్కతో.

ర్యాలీ వేరు, పరుగుపందెం వేరు

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. పరుగుపందెంలో అందరూ ఒకే గీత మీద నుంచి ఒకేసారి బయలుదేరుతారు. ర్యాలీలో అలా కాదు. ఒకరి తరువాత ఒకరిని కొద్ది నిమిషాల ఎడంతో వదులుతారు. కాబట్టి మీ ముందు నుంచి మొదట వెళ్లిన బండే ముందున్నట్లు కాదు. ఎవరు ఎప్పుడు బయలుదేరారో తెలియకపోతే మీ చప్పట్లు తప్పు మనిషికి పడతాయి! మామూలు రోడ్ల మీద జరిగే చాలా ర్యాలీలలో, చెప్పిన వేళకన్నా ముందుగా తనిఖీ స్థలానికి చేరినా మార్కులు పోతాయి. వేగం కాదు, వేళ ముఖ్యం.

దూరపు ర్యాలీలలో ప్రపంచమంతటా పేరుపడింది డకార్ ర్యాలీ. థియరీ సబీన్ అనే ఫ్రెంచి యువకుడు 1977లో ఒక ర్యాలీలో పాల్గొంటూ లిబియా ఎడారిలో దారి తప్పాడు. బతికి బయటపడ్డాక అతనికి కలిగిన ఆలోచన, మరికొందరిని కూడా ఎడారికి తీసుకుపోవాలని! 1978 డిసెంబరు 26న పారిస్‌లో మొదటి ర్యాలీ బయలుదేరి, 1979 జనవరి 14న ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న డకార్ నగరం చేరింది. దాన్ని గెలిచింది కారు కాదు. సిరిల్ నెవ్యూ నడిపిన 500 సి.సి. యమహా మోటారు సైకిలు. ఆ ర్యాలీ తరువాత దక్షిణ అమెరికాకు, 2020 నుంచి సౌదీ అరేబియాకు మారింది. 2015లో బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ దాన్ని పూర్తిచేసి, అలా చేసిన మొదటి భారతీయుడయ్యాడు. 36వ స్థానం. 2024లో కేరళకు చెందిన హరిత్ నోవా 11వ స్థానంలో నిలిచాడు.

ఎడారి లేకుండా, మామూలు రోడ్ల మీదే ఓర్పును పరీక్షించే పద్ధతి ఇంకొకటి ఉంది. అమెరికాలో 'ఐరన్ బట్ అసోసియేషన్' అనే సంఘం ఉంది. 24 గంటల్లో వెయ్యి మైళ్లు, అంటే సుమారు 1610 కి.మీ., నడిపినవారికి అది గుర్తింపు పత్రం ఇస్తుంది. ఎవరితోనూ పోటీ లేదు. దారిలో పెట్రోలు పోయించుకున్న రసీదులే సాక్ష్యం. రసీదు మీద ఊరు, తేదీ, వేళ ఉంటాయి కదా! మన దేశంలోనూ ఇలా నడిపేవాళ్లు ఉన్నారు.

1610 కి.మీ. అంటే ఎంతో ఊహించారా? కర్నూలు నుంచి బెంగళూరు సుమారు 360 కి.మీ. అక్కడికి వెళ్లి రావాలి, మళ్లీ వెళ్లి రావాలి, ఆపైన ఇంకో 170 కి.మీ. పోవాలి. అదంతా ఒక పగలు, ఒక రాత్రిలో.

సగటు చేసే మోసం

1610ని 24తో భాగించండి. గంటకు 67 కి.మీ. “ఓస్, ఇంతేనా! మా మామయ్య ఆళ్లగడ్డకు పోయేటప్పుడు ఎనభైలో పోతాడు” అంటారు మీరు. ఆగండి. ఆ 67లో పెట్రోలు పోయించుకోవడం, తినడం, నీళ్లు తాగడం, టోల్‌గేటు దగ్గర ఆగడం, కునుకు తీయడం అన్నీ కలిసి ఉన్నాయి.

ఇంతకంటే చిన్న లెక్కతో మొదలుపెడదాం. కర్నూలు నుంచి కడపకు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి ఉంది. దూరం 200 కి.మీ. పైచిలుకు. లెక్క సులువుగా ఉండటానికి 200 అనుకుందాం. గంటకు 50 కి.మీ. సగటున, నాలుగు గంటల్లో కడప చేరాలని ఒకతను బయలుదేరాడు. నంద్యాల దగ్గర చక్రానికి మేకు దిగింది. పంక్చరు వేసే మనిషిని వెతికి, బాగుచేయించుకుని, సగం దూరం దాటేసరికి అతని సగటు గంటకు 25 కి.మీ. మాత్రమే. మిగతా సగం ఎంత వేగంతో పోతే అనుకున్న వేళకు కడప చేరతాడు?

మీలో చాలామంది వెంటనే 75 అంటారు. 25, 75 కలిపి రెండుతో భాగిస్తే 50 వస్తుంది కాబట్టి. తప్పు! 100 కి.మీ. దూరం గంటకు 25 చొప్పున రావడానికి పట్టిన కాలం నాలుగు గంటలు. అతని దగ్గర ఉన్నదే నాలుగు గంటలు. అది అక్కడే అయిపోయింది. ఇక మిగతా సగం రాకెట్టెక్కి పోయినా వేళకు చేరడు. మేకు దిగిన చోటే ఆట ముగిసింది. అతనికి ఆ సంగతి తెలియకపోతే మిగతా నూరు కిలోమీటర్లు ప్రాణాలకు తెగించి నడుపుతాడు. రోడ్డు మీద ఎందరో చేసే తప్పు లెక్క ఇదే.

సగటు వేగం తీయాలంటే వేగాలను కలపకూడదు. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించాలి. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకోండి.

ఇప్పుడు 1610 కి.మీ. సంగతి చూద్దాం. కదులుతున్నంతసేపూ సగటున 80లో పోతే నడపడానికే 20 గంటల 8 నిమిషాలు కావాలి. మిగిలేది 3 గంటల 52 నిమిషాలు. ట్యాంకు నింపితే 300 కి.మీ. వస్తుందనుకుంటే దారిలో 5 సార్లు పెట్రోలుకు ఆగాలి. ఒక్కోసారి అరగంట గడిపితే రెండున్నర గంటలు హుష్‌కాకి. అదే పది నిమిషాల్లో ముగిస్తే 50 నిమిషాలు. తేడా 1 గంట 40 నిమిషాలు. ఈ గంటా నలభై నిమిషాలను వేగంతో సంపాదించాలంటే? దారి పొడవునా 80కి బదులు 87 సగటు ఉండాలి.

ఏడే కదా అనుకోవద్దు. ఊళ్లలో, గేదెలు అడ్డం వచ్చేచోట, టోల్‌గేటు దగ్గర అందరి వేగమూ ఒకటే. అక్కడ తగ్గిన వేగాన్ని ఖాళీ రోడ్డు మీద పూడ్చాలి. అంటే నూరు దాటాలి. అక్కడ గాలి ఒప్పుకోదు. వేగం పెరిగితే గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే వేగం పెరిగింది నాలుగో వంతే, గాలి నిరోధం మాత్రం ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ట్యాంకు 300 కి.మీ. రాకుండానే ఖాళీ అవుతుంది. మళ్లీ ఇంకోసారి ఆగాలి! తొందరపడి సంపాదించిన నిమిషాలు పెట్రోలు బంకు దగ్గర తిరిగి కట్టేస్తాడన్నమాట. అనుభవజ్ఞులు వేగం గురించి తక్కువ, ఆగే పద్ధతి గురించి ఎక్కువ మాట్లాడుకోవడం ఇందుకే.

200 మీటర్లు, ఒక జేబురుమాలు

మీ ముందు నుంచి పోయే బండి వేగం మీరే కొలవవచ్చు. కొన్ని రోడ్ల పక్కన కిలోమీటరు రాళ్ల మధ్య 200 మీటర్లకొకటి చిన్న రాయి ఉంటుంది. లేకపోతే రోడ్డుకు దూరంగా, చేల గట్టు వెంబడి తాడుతో కొలిచి రెండు చెట్లు గుర్తుపెట్టుకోండి. మొదటి గుర్తు దగ్గర మీ స్నేహితుడు, రెండో గుర్తు దగ్గర గడియారంతో మీరు. బండి తనను దాటగానే అతను జేబురుమాలు దించుతాడు. మీరు గడియారం మొదలుపెట్టి, బండి మిమ్మల్ని దాటగానే ఆపాలి. 720ని ఆ సెకండ్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 9 సెకండ్లయితే 80, 8 అయితే 90, 12 అయితే 60. ఈ 720 ఎక్కడినుంచి వచ్చిందో మీరే కనుక్కోండి. 200 మీటర్లు, 3.6 అన్నవి సరిపోతాయి.

కళ్లు మూసుకుని కూడా వేగాన్ని పసిగట్టవచ్చు. బండి వచ్చేటప్పుడు శబ్దం సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినిపిస్తుంది కదా! ఇంజను మారలేదు. వచ్చేటప్పుడు ధ్వని తరంగాలు దగ్గరదగ్గరగా, పోయేటప్పుడు ఎడంగా మన చెవిని చేరతాయి. పౌనఃపున్యం మారుతుంది. దీన్నే డాప్లర్ ఫలితం అంటారు. గంటకు 100 కి.మీ. వేగంతో పోయే బండి శబ్దం మిమ్మల్ని దాటేటప్పుడు సుమారు మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. సంగీతం నేర్చుకునే చెల్లెలు ఇంట్లో ఉంటే ఆమెను వెంట తీసుకెళ్లండి. మీకన్నా బాగా చెబుతుంది.

ఇంత ఎండలో అంత మందపు కోటా?

మే నెల మధ్యాహ్నం. కర్నూలులోనైనా, కడపలోనైనా 42, 43 డిగ్రీలు మామూలే. చొక్కా గుండీలు విప్పుకుని గాలికి పోవలసినవాడు మెడదాకా కోటు బిగించుకున్నాడేమిటి?

ఎండలో మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి 35 కన్నా చల్లగా ఉన్నంతవరకు అది మన వేడిని పట్టుకుపోతుంది. 43 డిగ్రీల గాలి అలా చేయలేదు. ఉష్ణం ఎప్పుడూ ఎక్కువ వేడి ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికి ప్రవహిస్తుంది కాబట్టి, గాలి నుంచి మనిషికే వేడి చేరుతుంది. వేగంగా పోయేకొద్దీ ఇంకా ఎక్కువగా చేరుతుంది. ఆ వేడిగాలిలో బండి మీద పోవడమంటే పొయ్యి ఎదుట కూర్చుని విసనకర్రతో మంటను మన మీదికి విసురుకోవడమే.

మిగిలిన దారి ఒక్కటే, చెమట. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో కెలరీల వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఈ సూత్రంతోనే. మన సీమ గాలి పొడి గాలి, చెమట ఇట్టే ఆరిపోతుంది. అది మేలే. కాని ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. చెమట కారదు, చొక్కా తడవదు. “నాకు చెమటే పట్టలేదు” అనుకుంటూ గంటకు లీటరు నీళ్లు పోగొట్టుకోవచ్చు. విజయవాడలో చొక్కా పిండితే తెలిసే నష్టం, ఇక్కడ తల తిరిగేదాకా తెలియదు. అందుకే లోపల తడి బనీను, పైన వేడిగాలిని అడ్డుకునే కోటు. తడి నెమ్మదిగా ఆవిరవుతుంది. చేలో పనిచేసే రైతు తలగుడ్డ తడిపి చుట్టుకునేదీ, నిండు చేతుల చొక్కా వేసుకునేదీ ఈ లెక్క తెలిసే. మనం దాన్ని పుస్తకంలో ఆలస్యంగా చదువుకున్నాం, అంతే.

టీకొట్టు దగ్గర ఆగిన బండివాడు కనిపిస్తే అతని భుజాలు చూడండి. బట్టమీద తెల్లటి చారలుంటే అవి ఉప్పు. నీళ్లతోపాటు ఉప్పు కూడా పోయిందన్నమాట. అతను మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగుతుంటే మీకు కారణం తెలుసు.

ఇంకొకటి కూడా గమనించండి. నంద్యాల ప్రాంతంలో నల్లరేగడి నేలలు. వానకు ఉబ్బుతాయి, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తాయి. వాటి మీద వేసిన రోడ్డుకు అలలు తేలడం సహజం. అలాంటి చోట అనుభవమున్నవాడు కూర్చోడు. కాళ్లు ఆనించే కడ్డీల మీద కొద్దిగా లేచి నిలబడతాడు. మోకాళ్లే స్ప్రింగులవుతాయి, కుదుపు వెన్నెముకకు చేరదు.

తెల్లవారుజామున నాలుగు గంటలు

ఎండకు నీళ్లున్నాయి. నిద్రకు నిద్ర తప్ప మందు లేదు. 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు డాసన్, రీడ్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. వరుసగా 17 గంటలు మేలుకొన్న మనిషి చేతికీ కంటికీ కుదరవలసిన పొత్తు, రక్తంలో 0.05 శాతం సారా ఉన్న మనిషిలో ఎంత చెడుతుందో అంత చెడిందట. ఒక్క చుక్క తాగలేదు, అయినా అంతే. ఉదయం 5 గంటలకు లేచి బయలుదేరినవాడు రాత్రి పదయ్యేసరికి ఆ స్థితికి వస్తాడు. ఇంకా ఏడు గంటల ప్రయాణం ముందుంది!

మన ఒంట్లోనే ఒక గడియారం ఉంది. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు గంటల మధ్య అది ఒంటి వేడిని తగ్గించి నిద్రకు ఈడుస్తుంది. అప్పుడు కన్ను తెరిచి ఉండగానే మెదడు మూడు నాలుగు సెకండ్లు నిద్రపోవచ్చు. గంటకు 90 కి.మీ. అంటే సెకండుకు 25 మీటర్లు. నాలుగు సెకండ్లంటే నూరు మీటర్లు. మీ బడి ఆటస్థలం పొడవునా కళ్లకు గంతలు కట్టుకుని బండి నడిపినట్లు! 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి దగ్గర మాదాపురం వద్ద, ఇదే 44వ నంబరు రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో 14 మంది చనిపోయారు. అదీ తెల్లవారుజామునే.

కాబట్టి మంచి ర్యాలీలు విశ్రాంతిని మనిషి ఇష్టానికి వదిలిపెట్టవు. డకార్ ర్యాలీలో మోటారు సైకిళ్లు పెట్రోలుకు ఆగినప్పుడు 15 నిమిషాలు తప్పనిసరిగా ఆగాలి. ఆ 15 నిమిషాలు లెక్కలోకి రావు. తొందరపడి లాభం లేదు కనుక నీళ్లు తాగుతారు, కాళ్లు చాపుకుంటారు.

ఇక్కడే చూసేవాడి పని మొదలవుతుంది. ఇప్పుడు చాలామంది తాము ఎక్కడ ఉన్నదీ ఫోను ద్వారా ఇంటికి తెలియజేస్తూ పోతారు. పటం మీద ఒక చుక్క కదులుతూ ఉంటుంది. చుక్క ఆగిపోతే ఇంట్లో అమ్మకు గుండె ఆగినంత పనవుతుంది. మీరు లెక్క తెలిసినవాళ్లు కదా, ఆమె పక్కన కూర్చోండి. ఊళ్లో ఇరవై నిమిషాలు ఆగితే పెట్రోలూ ఇడ్లీ. రాత్రి రెండింటికి ఏదైనా ఊళ్లో మూడు గంటలు ఆగితే నిద్ర, అంతకన్నా మంచి కబురు లేదు. ఊరూ వాడా లేనిచోట, మిట్టమధ్యాహ్నం, అరగంట ఆగితే మాత్రం ఫోను చేయండి. ఇంకా ముఖ్యమైనది ఒకటుంది. రాత్రి పన్నెండు నుంచి మూడుదాకా చుక్క ఆగకుండా పోతూ, వేగం గంట గంటకూ ఎగుడుదిగుడుగా మారుతూ ఉంటే, “ఆగి పడుకోరా” అని చెప్పవలసింది అప్పుడే. అతను బండి ఆపి ఫోను చూసుకునే సరికి ఆ మాట అక్కడ ఉండాలి.

మీరు ఎక్కడ నిలబడాలి?

మలుపు దగ్గర అయితే బాగా కనిపిస్తుందని అక్కడికే పరిగెత్తుతారు. సరే, కాని మలుపుకు ఏ వైపు? పట్టు తప్పిన బండి వంపు తిరగదు. జడత్వం వల్ల ఆ క్షణంలో ఉన్న దిశలోనే, స్పర్శరేఖ వెంబడి తిన్నగా పోతుంది. అంటే మలుపు వెలుపలి వైపుకు. తాడుకు రాయి కట్టి తిప్పుతూ వదిలితే ఎటు పోతుందో మీకు తెలుసు. కాబట్టి లోపలి వైపున, రోడ్డుకు బాగా దూరంగా, వీలైతే ఎత్తుమీద నిలబడండి. పెద్ద రోడ్డయితే డివైడరు మీదికి ఎంతమాత్రం పోవద్దు. సర్వీసు రోడ్డుకు అవతల, చెట్టు నీడన కూర్చోండి. నీళ్లసీసా మీకూ కావాలి.

ఇక ఈ నెల లెక్క. ఒక బండి హైదరాబాదు శివారులో నిండు ట్యాంకుతో ఉదయం 4 గంటలకు బయలుదేరింది. ట్యాంకు సుమారు 330 కి.మీ. వస్తుంది. నడిపేవాడు ఏమీ తినకుండా బయలుదేరాడు. 210 కి.మీ. దూరంలో ఉన్న కర్నూలు వంతెనను 7-10కి దాటింది. అక్కడినుంచి 95 కి.మీ. దూరంలో ఉన్న గుత్తిని 8-25కి దాటింది. గుత్తి నుంచి 52 కి.మీ. దూరంలో ఉన్న అనంతపురాన్ని 10 గంటలకు చేరింది. మీరు డోన్ దగ్గర చెట్టు కింద కూర్చుని ఉన్నారు. బండి ఎక్కడ ఆగింది, సుమారు ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగి ఉంటుంది?